ఇంటి మనిషైన రోబో.. కంపెనీ మూతపడితే?

జపాన్‌లోని చిబా ప్రిఫెక్చర్‌లో ఉన్న కోఫుకుజి బౌద్ధాలయంలో 2015 నుంచి వందలాది రోబో కుక్కలకు అంత్యక్రియలు జరిగాయి. పూజారి ధూపం వేసి, సూత్రాలు చదివి మరీ వాటిని సాగనంపారు. అవన్నీ సోనీ 1999లో తెచ్చిన ‘ఐబో’లు. ధర 2.5 లక్షల యెన్‌లు పెట్టినా, జపాన్‌లో తొలి విడత 3,000 ఐబోలు 20 నిమిషాల్లో అమ్ముడైపోయాయి. 2006లో సోనీ వాటి తయారీ ఆపేసింది. 2014లో మరమ్మతులూ మానేసింది. యజమానులకు అప్పుడు మిగిలింది పాడైన యంత్రం ఒక్కటే కాదు, దుఃఖం కూడా.

ప్రాణం లేదని తెలిసినా..

మనుషులు రోబోలతో ఇంతగా ఎలా ముడిపడతారు? దీనికి ఆధారం 1944 నాటి ఒక ప్రయోగంలో దొరుకుతుంది. మనస్తత్వవేత్తలు హైడర్, సిమ్మెల్ రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న సినిమా చూపించారు. చూసినవారిలో దాదాపు అందరూ అందులో గొడవ, భయం, తరుముకోవడం ఉన్నాయని చెప్పారు. కదలికలో ఉద్దేశాన్ని వెతకడం మన మెదడుకు అంతగా అలవాటు.

కళ్లు, ముఖం లేని రూంబా వాక్యూమ్ క్లీనర్‌కు సైతం చాలామంది పేర్లు పెట్టారని, ఆడో మగో కూడా నిర్ణయించుకున్నారని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2007లో గమనించారు. ఇక పిలిస్తే తల తిప్పి, పేరు గుర్తుంచుకుని, కబుర్లు చెప్పే రోబో అయితే ఆ బంధం ఇంకా బలపడుతుంది.

సర్వర్ చేతిలో ప్రాణం

సమస్య మొదలయ్యేది ఇక్కడే. పాత ఐబో మెదడు దాని ఒంట్లోనే ఉండేది. సోనీ వదిలేశాక కూడా, ఆ కంపెనీ మాజీ ఇంజినీర్లు పాడైన ఐబోల విడిభాగాలతో మిగతావాటిని బతికించగలిగారు. ఆలయంలో అంత్యక్రియలు జరిగింది కూడా ఇలా విడిభాగాలు ఇవ్వబోయే ఐబోలకే.

తర్వాతి తరం రోబోల తెలివి చాలావరకు కంపెనీ సర్వర్లలో ఉంది. ఎంఐటీ శాస్త్రవేత్త సింథియా బ్రెజీల్ రూపొందించిన ‘జీబో’ 2017లో ఇళ్లకు చేరింది. 2019లో అదే స్వయంగా తన సర్వర్లు ఆగిపోనున్నాయని చెప్పి, యజమానులకు వీడ్కోలు పలికింది. పిల్లల రోబో ‘మాక్సీ’ని తయారుచేసిన ఎంబాడీడ్ సంస్థ 2024 డిసెంబరులో మూసివేత ప్రకటించింది. ఆ వార్తను పసివాళ్లకు ఎలా చెప్పాలన్నది తల్లిదండ్రులకు పెద్ద సమస్యైంది. సొంత కంప్యూటర్‌తో మాక్సీని నడుపుకునే సాఫ్ట్‌వేర్‌ను ఆ సంస్థ తర్వాత అందించింది.

కొనే ముందు..

ఈ రోబోల వల్ల మేలు లేదని కాదు. డిమెన్షియా రోగులకు సాంత్వననిచ్చే సీల్ పిల్ల రోబో ‘పారో’ను అమెరికా ఎఫ్‌డీఏ 2009లోనే వైద్య పరికరంగా గుర్తించింది. న్యూయార్క్ రాష్ట్రం 2022లో ఒంటరి వృద్ధులకు ‘ఎల్లీక్యూ’ రోబోలు ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్నలు ఊళ్లో ఉండే తెలుగు కుటుంబాలకూ ఇలాంటి తోడు ఆకర్షణీయంగానే కనిపిస్తుంది.

అయితే కొనే ముందు ధరతో పాటు మరికొన్ని విషయాలు అడగాలి. ఇంటర్నెట్ లేకుండా అది ఎంతవరకు పనిచేస్తుంది? కంపెనీ మూతపడితే ఏమవుతుంది? ఇంట్లో విన్న మాటలు ఎక్కడ దాస్తుంది? మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాటల భద్రత గురించి చెబుతుంది. అలవాటైన తోడు ఒక్కసారిగా మూగబోతే పెద్దాయనకు ఏం చెప్పాలన్నది మాత్రం ఇంట్లోవాళ్లే ముందుగా ఆలోచించుకోవాలి.