మీకు తెలుసా? ఎండకు తగ్గే క్లోరిన్, మరిగించినా పోని ఫ్లోరైడ్

అనంతపురం నీళ్లలో రెండు హాలోజన్లు కలుస్తాయి. క్లోరిన్ మనం వేసేది, ఫ్లోరిన్ రాతిలోంచి ఫ్లోరైడ్‌గా ఊరి వచ్చేది. వేడి దగ్గర ఈ రెండింటి దారులు వేరు.

● వేడి నీళ్లలో చక్కెర ఎక్కువ కరుగుతుంది, వాయువు తక్కువ కరుగుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర స్వచ్ఛమైన క్లోరిన్ వాయువును నీళ్లలోకి పంపితే 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు దాదాపు 10 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర 7 గ్రాముల పైచిలుకు కరుగుతుంది. 40 డిగ్రీలకు నాలుగున్నర గ్రాములకు పడిపోతుంది. వేడికి కదలిక పెరిగిన వాయువు అణువులు నీటి పట్టు వదిలించుకుని గాలిలోకి పోతాయి.

● సుమారు 9 డిగ్రీల కిందికి చల్లబరిస్తే క్లోరిన్, నీరు కలిసి లేత పసుపు స్ఫటికాలవుతాయి. అవి గడ్డకట్టిన క్లోరిన్ అనుకునేవారు. వాటిలో నీరు కూడా ఉందని తేల్చినవాడు హంఫ్రీ డేవీ. 1823లో మైకేల్ ఫారడే వాటి కూర్పు లెక్కగట్టాడు.

● ఇదే హాలోజన్ల కుటుంబంలోని అయోడిన్ ఘనపదార్థం కాబట్టి వేడికి మరికాస్త ఎక్కువే కరుగుతుంది. ఫ్లోరిన్ వాయువు అసలు కరగదు, నీటినే విడగొట్టి ఆక్సిజన్‌ను వెళ్లగొడుతుంది.

● ఊరి ట్యాంకులో వేసే క్లోరిన్ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది, కరిగే హద్దుకు చాలా దూరం. అయినా వేసవిలో ఎందుకు చాలదు? వేడికి అది మురికితో త్వరగా చర్య జరిపి ఖర్చయిపోతుంది, ఎండ దాన్ని విడగొడుతుంది. బ్లీచింగ్ పౌడర్ కూడా వేడి గదిలో సంచిలోనే సత్తువ కోల్పోతుంది. చలికాలం వేసినంతే మే నెలలో వేస్తే చివరి వీధి కొళాయికి ఏమీ మిగలకపోవచ్చు. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

● ఇక ఫ్లోరైడ్. అనంతపురం కింద గ్రానైటు, నైసు రాళ్లున్నాయి. వాన తక్కువ. బోరు లోతుకు వెళ్లేకొద్దీ రాతితో ఎక్కువకాలం నానిన నీరు పైకొస్తుంది. ఆ నీటిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ ఇంకా పెరుగుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్లతరబడి తాగితే పళ్లు గారపడతాయి, మోతాదు మరీ పెరిగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆంధ్రలోనే పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు. కాచితే క్లోరిన్ పోతుంది, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మరింత చిక్కబడుతుంది! చాలామందికి తెలియాల్సింది ఈ ఒక్క ముక్కే.

● పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో, క్రిములను చంపడానికి బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. అనంతపురానికి మాత్రం జలాశయాల నీరే పెద్ద ఊరట: 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీరందించింది, 1999లో దాని పేర తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఈ వేసవిలో మిగులు క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, చివరి కొళాయి దగ్గర చేయించండి. బోరు నీళ్లు తాగేవారు ఫ్లోరైడ్ పరీక్ష వేరుగా చేయించుకోండి. కాచి తాగుతున్నాం కదా అని ఊరుకోకండి.