విన్‌స్టన్, జూలియా

ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ 1903లో బీహారులోని మోతీహారిలో జన్మించాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. పసితనంలోనే తల్లి అతనిని ఇంగ్లండుకు తీసుకుపోయింది. యువకుడిగా బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి, అధికారం మనుషులను ఎలా మారుస్తుందో దగ్గరగా చూశాడు. 1949లో వెలువడిన ‘1984’ ఆయన చివరి నవల.

అప్పటికి ముప్పై అయిదేళ్ళ తరువాతి లండన్ నగరాన్ని ఆయన ఊహించాడు. అక్కడ ఒకే పార్టీ, ఒకే నాయకుడు. ఆ నాయకుణ్ణి పెద్దన్న అంటారు. పార్టీవారి ఇళ్ళలో గోడమీద ఒక తెర ఉంటుంది. అది మాట్లాడటమే కాదు, చూస్తుంది, వింటుంది కూడా. పార్టీ సభ్యులు పెళ్ళాడాలంటే సంఘం అనుమతి కావాలి. ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి మనసుందని తోస్తే ఆ అనుమతి దొరకదు. ఇటువంటి చోట ప్రేమించుకోవడమే తిరుగుబాటు.

విన్‌స్టన్ వయస్సు ముప్పై తొమ్మిది. కాలిమీద మానని పుండు, ఎడతెగని దగ్గు. పాత పత్రికలను దిద్దడం అతని ఉద్యోగం. పాలకుల మాట తప్పని తేలితే, ఆ మాట అచ్చయిన పాత పత్రికనే మార్చివేస్తారు. ఆ పని చేసీ చేసీ అతనికి ఒక దిగులు పట్టుకుంది. నిన్న జరిగినది నిజంగా జరిగిందని రేపు ఎవరు చెబుతారు? అందుకే రహస్యంగా దినచర్య రాస్తాడు. మొదటి అక్షరం రాసిననాడే తాను చచ్చినవాడితో సమానమని అతనికి తెలుసు.

జూలియాకు ఇరవై ఆరేళ్ళు. నవలలు తయారుచేసే యంత్రాలను మరమ్మతు చేస్తుంది. నడుముకు పార్టీ యువజన సంఘపు ఎర్రపట్టీ కట్టుకుని, సభల్లో అందరికన్నా గట్టిగా కేకలు వేస్తుంది. ఆ కేకలే ఆమెకు గొడుగు. ఆమె గూఢచారి అనుకుని విన్‌స్టన్ ఒకనాడు రాయితో కొట్టి చంపుదామా అని కూడా తలచాడు. ధైర్యం చేసి ప్రేమను తెలిపే చీటీ అతని చేతిలో పెట్టింది ఆమే.

అద్దెగదికి ఆమె అసలైన కాఫీ, చక్కెర, రొట్టె దొంగచాటుగా తెస్తుంది. అతడు నిషిద్ధ గ్రంథం చదివి వినిపిస్తే నిద్రపోతుంది. విమానాన్ని పార్టీయే కనిపెట్టిందని బడిలో నేర్చుకుంది. అది అబద్ధమని అతడు వివరించినా ఆమెకు పట్టదు. ఎవరు కనిపెడితేనేం?

అలాగని ఆమెను తెలివితక్కువదిగా చూడరాదు. నగరంమీద పడే బాంబులను బహుశా మన ప్రభుత్వమే వేస్తున్నదని ఆమె అతి మామూలుగా అంటుంది. అన్ని కాగితాలు దిద్దిన విన్‌స్టన్‌కు ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు! అతడు గ్రంథాలలో వెదికినది ఆమె రోజువారీ బతుకులో పసిగట్టింది.

పార్టీ భాషలో మాటలను ఏటేటా తగ్గిస్తుంటారు. మాట లేకపోతే ఎదిరించే ఆలోచనా రాదని వారి లెక్క. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం వినే మండికల్లు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పిల్లలు ఒక భావానికి రెండు మాటలుండటం ఎంత కలిమో ఎరుగుదురు. విన్‌స్టన్ మనసు పాత మాటలనే పట్టుకుని ఉంటుంది. జూలియాకు ఈ చర్చే విసుగు.

ఇద్దరూ ఒబ్రయన్ అనే అధికారిని తమవాడని నమ్మి కలుస్తారు. ఉద్యమం కోసం ప్రాణాలిస్తారా, హత్యలు చేస్తారా అని అతడు అడుగుతాడు. అన్నిటికీ విన్‌స్టన్ సరే అంటాడు. ఒకరినొకరు ఎన్నటికీ చూడకుండా విడిపోతారా అన్నప్పుడు మాత్రం జూలియా వెంటనే కాదంటుంది. విన్‌స్టన్ కూడా చివరకు కాదనే అంటాడు గాని, ఆ మాట నోట రావడానికి చాలాసేపు పడుతుంది. ఇద్దరి స్వభావాల తేడా ఈ చిన్న ఘట్టంలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు.

ఆ ఒబ్రయనే వారిని పట్టించినవాడు. చెరలో, ఆకలిగొన్న ఎలుకల బోను ముఖానికి చేరువకాగా, విన్‌స్టన్ ఆ శిక్ష జూలియాకు వేయమని అరుస్తాడు. జూలియా కూడా అతణ్ణి అలాగే విడిచిపెట్టింది.

విడుదలయ్యాక, మార్చి నెల చలిలో, ఒక తోటలో కలుసుకుని ఆ సంగతి దాచకుండా చెప్పుకుంటారు. మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగలలేదు. అతడు కొంతదూరం ఆమె వెంట నడిచి, వెనుకబడతాడు. తిరిగి చూసేసరికి గుంపులో ఆమె ఎవరో గుర్తుపట్టలేకపోతాడు.