సూర్యుడు నీళ్ళలో మునిగే ఊరు

"సముద్రం చూడ్డానికి నూటయాభై మైళ్ళు పోవడమా? పెట్రోలు పోసుకుని మరీ?"

మెమోరియల్ డే మూడు రోజుల సెలవుకి కేప్ మే పోదామని మా గదిలో పెద్దాయన అన్నప్పుడు నేనన్న మాట ఇది. ఆయనది నెల్లూరు. గదిలో అందరం మామా అనే పిలుస్తాం. జూన్‌లో ఇండియా వెళ్ళిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. "పదకొండేళ్ళున్నా అబ్బయ్యా ఈ జెర్సీ సిటీలో. అమెరికాలో ఏం చూశావు తాతా అని మనవరాలు అడిగితే ఏం చెప్పేది? జర్నల్ స్క్వేర్‌లో ఇడ్లీ తిన్నానని చెప్పమంటావా?" అన్నాడు. ఇంక కాదనలేకపోయాను.

నా సంగతి వేరు. మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. మా వైపు సముద్రం చూసి మురిసిపోయేది కాదు, చూసి భయపడేది. తుపాను వచ్చిందంటే ఏ ఇల్లు ఉంటుందో, ఏది పోతుందో తెలీదు. మా అమ్మమ్మ ఇల్లున్న చోట ఇప్పుడు అలలున్నాయి. 2010 ప్రాంతంలో తీరం వెంట ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు. తర్వాతి తుపాన్లకి అవీ దెబ్బతిన్నాయి. సివిల్ డిప్లొమా చేసి కాంక్రీట్ పనిలో పడ్డాను. నా దృష్టిలో సముద్రమంటే గోడ కట్టి ఆపాల్సిన శత్రువే.

తెల్లారుజామున పులిహోర డబ్బాలో పెట్టుకుని బయల్దేరాం. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణానికి పోతుంటే భవనాలు పోయి పైన్ చెట్లు వచ్చాయి. కిటికీ దించితే ఉప్పుగాలి. పార్క్‌వే మైలురాయి సున్నా దగ్గర న్యూజెర్సీ అయిపోతుంది. అక్కడే కేప్ మే. ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు డెలావేర్ అఖాతం.

రంగుల ఇళ్ళు... 199 మెట్లు

ఊళ్ళోకి అడుగుపెట్టగానే పెళ్ళివారి వీధిలా ఉంది. గులాబీ, పసుపు, లేత నీలం రంగుల చెక్క ఇళ్ళు, వరండాలకి అల్లికలాంటి నగిషీ. 1878లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలావరకు కాలిపోతే, ఆ తర్వాత కట్టుకున్నవే వీటిలో ఎక్కువ. 1976లో ఊరినే జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఆకాశహర్మ్యాలు లేవు. రోజూ నలభై అంతస్తుల కింద నిలబడే నాకు మెడ దించుకుని నడవడం హాయిగా అనిపించింది.

లైట్‌హౌస్ 1859 నాటిది, ఎత్తు 157 అడుగులు. 199 మెట్లు. మామ మధ్యలో మూడుసార్లు ఆగాడు గానీ దిగిపోదామని అనలేదు. పైకెక్కి చూస్తే ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చని బురదనేలలు, వాటి మధ్య చెరువుల్లో కొంగలు. ఉత్తరానికీ దక్షిణానికీ వలసపోయే పక్షులకి ఇది మజిలీ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మెక్సికో పోయే మోనార్క్ సీతాకోకచిలుకలు కూడా ఇక్కడే ఆగి పోతాయి. "మనలాగే వలస కూలీలు" అన్నాడు మామ.

ఇక్కడా ఒక ఉప్పాడ

ఆ బురదనేలల దగ్గర ఒకప్పుడు సౌత్ కేప్ మే అనే చిన్న ఊరుండేదట. సముద్రం కోసుకుంటూ వచ్చి, 1944 తుపానుతో దాదాపు మింగేసింది. 1945లో ఆ ఊరి మునిసిపాలిటీనే రద్దు చేశారు. చదివి కాసేపు మాట రాలేదు. అమెరికాలోనూ ఉప్పాడ ఉందన్నమాట!

మరి ఇప్పుడు మిగతా ఊరిని ఏం కాపాడుతోందా అని ఓ సూపర్‌వైజర్ కంటితో చూశాను. ఇసుక దిబ్బలు. వాటి మీద గడ్డి. గడ్డి వేళ్ళు ఇసుకని పట్టుకుంటాయి, దిబ్బ అల దెబ్బని తట్టుకుంటుంది. అందుకే దిబ్బలెక్కొద్దని తాళ్ళు కట్టారు. సముద్రం ఇసుకని లాక్కుపోతుంటే, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఏళ్ళ తరబడి మళ్ళీ తెచ్చి పోస్తూనే ఉంది. ఖర్చు తక్కువేం కాదు, పని ఎప్పటికీ అయిపోదు. కానీ కూచోడానికి బీచ్ ఉంది, వెనక ఊరూ ఉంది.

కాంక్రీట్ ఓడ

సాయంత్రం అఖాతం వైపు సన్‌సెట్ బీచ్‌కి వెళ్ళాం. అక్కడ తెలిసిన సంగతి నా వృత్తికే సంబంధించింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఉక్కు కరువొచ్చి, అమెరికా కాంక్రీట్‌తో ఓడలు కట్టించింది. 24 అనుకుని 12 పూర్తిచేశారు. వాటిలో 1918లో నీళ్ళకి దించిన అట్లాంటస్ ఒకటి. దాన్ని రేవుకి పునాదిగా వాడదామని ఇక్కడికి తెస్తే, 1926 జూన్‌లో తుపానుకి తాడు తెంచుకుని ఒడ్డు దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. ఉప్పునీళ్ళు కాంక్రీట్‌లోకి దిగితే లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది. కాంక్రీట్ పగులుతుంది. కవర్ సరిగ్గా పెట్టండ్రా అని సైట్‌లో నేను రోజూ అరిచేది అందుకే. 250 అడుగుల ఓడ, వందేళ్ళయ్యేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. అలలు మాత్రం అలాగే ఉన్నాయి.

మామకి అదేం పట్టలేదు. ఆయన వంగి రాళ్ళేరుకుంటున్నాడు. కేప్ మే వజ్రాలంటారు వీటిని. డెలావేర్ నది కొట్టుకొచ్చి నున్నగా అరగదీసిన స్ఫటికపు రాళ్ళు. తడిగా ఉంటే నిజంగా మెరుస్తాయి. "ఇవిగో, మనవరాలికి అమెరికా వజ్రాలు!" అని జేబు నింపుకున్నాడు. నీళ్ళ అంచున డెక్క ఆకారపు పీతొకటి వెల్లకిలా పడి కాళ్ళాడిస్తోంది. హార్స్‌షూ క్రాబ్. మే, జూన్ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్ పోయే రెడ్ నాట్ పక్షులకి ఆ గుడ్లే దారిబత్తెం. తోక పట్టుకోకూడదు, డొప్ప అంచు పట్టి తిప్పాలి. మామ తిప్పాడు. అది నిదానంగా నీళ్ళలోకి పోయింది.

చనిపోయిన సైనికుడి శవపేటిక మీద కప్పిన జెండాని, కుటుంబం ఇచ్చినదాన్ని, వేసవి సాయంత్రాల్లో ఇక్కడ ఎగరేసి దించుతారు. అందరూ లేచి నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం.

ఆ తర్వాత సూర్యుడు నీళ్ళలోకి దిగాడు. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ, సముద్రంలో మునగడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఎర్రగా, పెద్దగా, తొందర లేకుండా...

అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ పావుతక్కువ ఆరు. అప్పుడే లేచిన సూర్యుణ్ణి అమ్మ నాకు చూపించింది. మునుగుతున్న సూర్యుణ్ణి నేను అమ్మకి చూపించాను. అదే సూర్యుడు. "బాగుందిరా" అంది. కాసేపాగి, "నీళ్ళలోకి మాత్రం దిగకు" అంది.

దిగలేదు. కానీ ముప్ఫై ఏళ్ళు దాటాక మొదటిసారి, సముద్రం ముందు భయం లేకుండా ఓ గంట కూచున్నాను.

మీరూ వెళ్ళాలంటే: కారు లేకపోతే న్యూయార్క్ పోర్ట్ అథారిటీ నుంచి న్యూజెర్సీ ట్రాన్సిట్ 319 నంబరు బస్సుంది. వేసవిలో ఊరి బీచ్‌కి 12 ఏళ్ళు దాటినవాళ్ళు ట్యాగ్ కొనాలి. సన్‌సెట్ బీచ్‌కీ, లైట్‌హౌస్ పార్కుకీ ప్రవేశం ఉచితం. లైట్‌హౌస్ ఎక్కడానికి మాత్రం టికెట్. లైఫ్‌గార్డ్ లేనిచోట నీళ్ళలోకి దిగొద్దు. ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డుకి ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడండి. ఓవర్‌టైం ఎప్పుడూ ఉంటుంది. తిరుగు టికెట్ కొనేలోపు ఒక్కసారి చూసిరండి.