మంచులో శాలిహుండం: ఈ ఇటుకలు ఎవరివి?

సంక్రాంతి సెలవుల్లో ఓ ఉదయం మేము కొందరు విద్యార్థులతో కలిసి శాలిహుండం కొండ ఎక్కాం. శ్రీకాకుళంలో బయల్దేరినప్పుడే పొగమంచు దట్టంగా ఉంది. గార మండలంలోకి వచ్చాక ఆటో లైట్లు వేసుకునే నడిచింది. ఎండ కాసే రోజున కొండ మీద నుంచి వంశధార, కళింగపట్నం వైపు సముద్రం కనిపిస్తాయని ఊరించి తీసుకొచ్చాం. పైకి చేరాక పది అడుగుల అవతల ఏముందో తెలియలేదు. “ఇటుకలు తప్ప ఏం లేవు కదన్నా” అన్నాడు ఒక తమ్ముడు.

నిజమే. ఆ రోజు చూడ్డానికి ఇటుకలే ఉన్నాయి. అందుకే వాటి దగ్గరే కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇవి.

ఇటుకలు ఏం చెబుతాయి

గుండ్రంగా, బలంగా కట్టిన దిమ్మ స్తూపం. బుద్ధుడివో, గౌరవనీయులైన భిక్షువులవో ధాతువులను అందులో భద్రపరిచేవారు. చుట్టూ తిరిగి వందనం చేసేవారు. లోపల స్తూపమో ప్రతిమో ఉండి, జనం చేరి వందనం చేసే గది చైత్యగృహం. భిక్షువులు నివసించిన చోటు విహారం. ఈ తేడా తెలిస్తే శిథిలాల మధ్య నడక ఒక ఊళ్లో నడిచినట్టే ఉంటుంది.

శాలిహుండం తవ్వకాల్లో స్తూపాలు, చైత్యగృహాలు, ధాతు పేటికలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. ఊరి పేరు ‘శాలివాటిక’ నుంచి వచ్చిందని కొందరు, ఎముకల పెట్టె అనే అర్థమున్న ‘శల్యపేటిక’ నుంచి వచ్చిందని కొందరు అంటారు. మొదటిది వరిని, రెండోది ధాతువులను గుర్తు చేస్తుంది.

ఇక్కడ బౌద్ధం క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం వరకు నిలిచిందని పురావస్తు పరిశోధకుల అంచనా. థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడు దశలకూ ఇక్కడ ఆనవాళ్లున్నాయి. తార వజ్రయాన కాలపు ఆరాధనలో ముఖ్యమైన దేవత. ఎనిమిది రకాల భయాల నుంచి ఆమె కాపాడుతుందని నమ్మకం. నీటి గండం వాటిలో ఒకటి. పక్కనే రేవు ఉన్న కొండ మీద ఆమె విగ్రహం ఎందుకుందో ఊహించడం కష్టం కాదు.

1919లో ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. మాతో వచ్చిన పిల్లలందరికీ ఆయన పేరు తెలుసు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజునే జరుపుకుంటాం. సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి ఆయన. ఈ కొండతో ఆయనకున్న సంబంధం మాత్రం వాళ్లలో ఒక్కరూ వినలేదు.

మనకేం సంబంధం

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకం ప్రచురించారు. అంటరానివాళ్లుగా ముద్రపడినవారు ఒకప్పటి బౌద్ధులని, బౌద్ధాన్ని వదలనందుకు, ఆవు మాంసం తినడం మాననందుకు వెలివేశారని ఆయన వాదం. అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని లెక్కగట్టారు. తన సిద్ధాంతమే చివరి మాట అని ఆయన చెప్పలేదు. పరిశీలించి చూడమన్నారు.

ఆ లెక్కను శాలిహుండం పక్కన పెట్టి చూడండి. క్రీ.శ. 400 నాటికి ఈ కొండ మీద బౌద్ధం బతికే ఉంది. ఆ తర్వాత కూడా వందల ఏళ్లు ఉంది. మరి కింద ఊళ్లలో ఎవరు ఎవరిని ఎప్పుడు వెలివేశారు? ఇటుక కులం చెప్పదు. ఈ స్తూపం మన తాతలే కట్టారని రుజువు లేకుండా అనకూడదు. కానీ మంగలి ఉపాలిని శాక్య రాకుమారుల కంటే ముందు చేర్చుకుని, వాళ్ల చేత అతనికి నమస్కరింపజేసిన సంఘం కథ బౌద్ధ గ్రంథాల్లో ఉంది. పాకీ పని చేసిన సునీతుడు భిక్షువైన కథ ఉంది. ఆ సంఘం పేరున వెలసిన ఆరామం మన జిల్లాలో ఉందంటే, దాని గురించి అడిగే హక్కు మనకుంది.

అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. శంకరం అన్న పేరు ‘సంఘారామం’ నుంచి వచ్చిందంటారు. కనుమ రోజున జనం అక్కడ చేరి, బొజ్జ ఆకారంలో ఉన్న ఒక రాయిని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టే ఆచారం చాలాకాలం సాగింది. వారసత్వ కార్యకర్తలు పట్టుబట్టి మాన్పించాల్సి వచ్చింది. చరిత్రను చెరిపేయడానికి ప్రతిసారీ గునపాలు అక్కర్లేదు. ఒక బౌద్ధ క్షేత్రానికి రాక్షసుడి కథ అంటగడితే చాలు, పనిచేసే జనమే రాళ్లు వేస్తారు.

ఇదంతా పాత సంగతని తీసేయలేం. అప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే, వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు దళితులను చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించగా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడం దగ్గర మొదలైన గొడవ అది. నేల ఎవరిదన్న ప్రశ్న, చరిత్ర ఎవరిదన్న ప్రశ్న విడివిడిగా ఉండవు. ఊళ్లో నీకు చోటు లేదన్నవాడు, గతంలో కూడా నీకు చోటు లేదనే అంటాడు.

మీరు వెళ్తే

కొండ దిగువన మ్యూజియం ఉంది. ముందు అక్కడి విగ్రహాలు చూసి పైకి ఎక్కండి. కట్టడాల మీద కూర్చోవద్దు, ఇటుక ముక్క కూడా ఇంటికి తేవద్దు. మీ ఊరి దగ్గర గుట్టల పేర్లు రాసుకోండి. వాటి మీద ఏ కథ చెబుతారో, ఆ కథ ఎవరు చెబుతారో ముసలివాళ్లను అడగండి.

మేము దిగేసరికి పదిన్నర. మంచు విడిపోయి వంశధార కనిపించింది. “ఇటుకలు తప్ప ఏం లేవు” అన్న తమ్ముడు మాత్రం నది వైపు చూడలేదు. స్తూపం చుట్టుకొలత అడుగులతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు.