మాతువు, ధాతువు: మదనపల్లెలో రవీంద్రుని గేయము

విష్ణుధర్మోత్తరమున వజ్రమహారాజు ప్రతిమాలక్షణము నెఱుఁగఁ గోరఁగా మార్కండేయమహర్షి దానికిఁ జిత్రసూత్రజ్ఞానము వలయుననియు, చిత్రమునకు నృత్తము, నృత్తమున కాతోద్యము, ఆతోద్యమునకు గీతము మూలములనియు వరుసగాఁ జెప్పెను. కళ లొండొంటిపై నాధారపడియున్నవను నీ సిద్ధాంతమునకు రవీంద్రనాథ ఠాకూరుగారి జీవితము చక్కని యుదాహరణము. అందలి యొక సన్నివేశము మదనపల్లెలో జరిగినది.

గేయమునందలి పదభాగమునకు మాతువనియు, స్వరభాగమునకు ధాతువనియు సంగీతశాస్త్రమున సంజ్ఞలు. వ్యాకరణమునందలి ధాతువు వేఱు. ఈ రెంటిని గూర్చువాఁడు వాగ్గేయకారుఁడు. 1861లో జన్మించిన రవీంద్రులకు 1913లో నోబెలు బహుమానము వచ్చుటచేఁ గవి యను ప్రసిద్ధియే లోకమున మిక్కుటమయ్యెను. కాని వారు వాగ్గేయకారులు. 1881లోనే వాల్మీకిప్రతిభ యను గేయనాటకమును రచించి, వాల్మీకిపాత్రమును దామే ధరించిరి.

జనగణమన గేయము 1911 డిసెంబరు 27వ తేదీని కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదట పాడఁబడెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు దక్షిణదేశమున సంచరించుచు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిరి. అనీబిసెంటుగారు 1915లో స్థాపించిన యా కళాశాలకు ఐర్లండు దేశపు కవియు, నాటకకర్తయు, చిత్రకళావిమర్శకుఁడునైన జేమ్సు కజిన్సు అప్పు డధ్యక్షుఁడు. ఆయన భార్య మార్గరెటు స్వదేశమున సంగీతము నభ్యసించిన విదుషి. అచటి విద్యార్థులయెదుట రవీంద్రు లా గేయమును స్వయముగాఁ బాడిరి. ఫిబ్రవరి 28వ తేదీని దాని నాంగ్లమునకుఁ బరివర్తించి, భారతదేశపు ప్రభాతగీత మను నర్థమిచ్చు పేరు పెట్టిరి. మార్గరెటు దాని వరుసను పాశ్చాత్యపద్ధతిని స్వరలిపిలో వ్రాసెను.

ఇచట విచార్యమైన యంశ మిది. ఆంగ్లానువాదమున నర్థము నిలిచినది. అక్షరమైత్రియు లయయు నిలువలేదు. స్వరలిపిలో ధాతువు నిలిచినది, అర్థము లేదు. గాయకుని కంఠమున నేకమైయున్నవి పత్రముపై రెండయ్యెను. కావున నీ రెండు లేఖనములలో నేదియు నొంటిగా గేయము గాదు. రెండును గూడినప్పుడే దానిని మరల బ్రతికింపవచ్చును.

పెక్కు కళల నభ్యసించువాఁ డొకదానను బూర్ణుఁడు గాఁడని యాక్షేపింతురు. ఇది రవీంద్రులయందుఁ జెల్లదు. 1892లో కావ్యనాటకముగా వెలువడిన చిత్రాంగదయే 1936లో నృత్యనాట్యమయ్యెను; మాటలు చెప్పి విడిచినదానిని అడుగులు చెప్పినవి. 1924 ప్రాంతమున పూరవి కావ్యపు వ్రాఁతప్రతిలోఁ గొట్టివేసిన పంక్తులను గీఁతలతోఁ గలుపఁగా నాకృతు లేర్పడెను. ఆ యభ్యాసము ముదిరి 1930లో పారిసు నగరమునఁ జిత్రప్రదర్శనమునకు దారితీసెను. ఒక కళ యాగినచోట వేఱొకటి ప్రారంభమైనదే కాని, యొకదాని నొకటి చెఱుపలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారి కీ విషయము దూరమైనది గాదు. పూర్వపు చిత్తూరు మండలమున భారతోత్సవములందుఁ బగలు హరికథయు, రాత్రి వీథినాటకమును నడచును. ఆ నటుఁడు పద్యము చదువును, పాడును, ఆడును. అట్టి నాటకములను సంగ్రహించువారు తాళపత్రమునందలి పాఠమును మాత్రమే పరిష్కరించి ముద్రించినచో మాతువు దక్కును, ధాతువు నశించును. అడుగుల సంగతి చెప్పనక్కఱలేదు. తెలుఁగు, తమిళము, కన్నడము గలియు కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. భాషాపండితుఁడును, సంగీతజ్ఞుఁడును, నాట్యవేత్తయు నొక్కచోఁ గూర్చుండి యొకే నాటకమును లిఖించుట కట్టి స్థలము తగినది. పాడువారు బ్రతికియుండఁగానే యీ పని జరుగవలెను. 1919లో మదనపల్లెలో పదములప్రక్క స్వరములు వ్రాయుటకు గాయకుఁ డెదుట నుండెను. గాయకుఁడు పోయినపిమ్మట పాఠశోధనమెంత చేసినను వరుస దొరకదు.