గుర్రం కాలు వాచిందా? ముందు తాకి చూడండి

మొజంజాహీ మార్కెట్‌: పెళ్లి ఊరేగింపులతో ఈ కూడలి దాటే గుర్రాలు ఆషాఢం రాగానే రోజుల తరబడి కట్టుకొయ్యకే పరిమితమవుతాయి. అప్పుడు కాళ్ల దిగువ భాగం వాయవచ్చు. మోకాలి కింద కండ దాదాపు ఉండదు. అక్కడ చేరిన ద్రవం పైకి మరలాలంటే నడక అవసరం.

వెనుక కాళ్లు రెండూ సమానంగా వాచి, చల్లగా, నొప్పి లేకుండా ఉంటే కొద్దిసేపు నడిపిస్తే వాపు తగ్గుతుంది. పనిలేని రోజుల్లో దాణా తగ్గించి, గడ్డి పెంచాలి.

ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, గుర్రం కుంటుతుంటే గాయమో, చర్మం లోపలి ఇన్‌ఫెక్షనో కావచ్చు. 20 నిమిషాలు చన్నీటి ధార పట్టి, అదేరోజు పశువైద్యునికి చూపించాలి. గాయముంటే ధనుర్వాతం టీకా గురించి అడగాలి. బిగుతుగా కట్టు కడితే రక్తప్రసరణ ఆగి ప్రమాదం పెరుగుతుంది. ఒక్కరాత్రి కిరాయికి ఆశపడి కుంటే గుర్రాన్ని ఊరేగింపునకు పంపితే జీవనాధారమే పోవచ్చు.