నొప్పి పోయింది, జబ్బు పోలేదు

క్రిందటేడు వరికోతలప్పుడు మా నాన్నకు దవడ పన్ను పోటు పట్టుకుంది. లవంగం నొక్కిపెట్టి, మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతూ కోతలు సాగించాడు. పది రోజులకు పోటు దానంతటదే పోయింది. "పోయిందిరా, ఇంకా డాక్టరెందుకు? నూర్పిళ్ళయ్యాక చూద్దాంలే" అన్నాడు. బి.యస్సీ. చదువుతున్న నేనూ సరేనన్నాను. అదే నేను చేసిన తప్పు.

నెల తిరక్కుండా బుగ్గ వాచి, జ్వరం తగిలి, నోరు తెరవలేకపోయాడు. పట్నంలో దంతవైద్యుడు చూసి, "నొప్పి పోయిన రోజున పన్ను బాగుపడలేదు, చచ్చిపోయింది" అన్నారు. ఆ మాటకు అర్థం తర్వాత పుస్తకాల్లో వెతికి తెలుసుకున్నాను.

మన ఊళ్ళలో 'పన్నులో పురుగు' అంటారు. నిజానికి కంటికి కనిపించే పురుగేదీ ఉండదు. నోటిలోని సూక్ష్మజీవులు పిండి, చక్కెర పదార్థాలను ఆమ్లంగా మార్చి పన్నును కరిగిస్తాయని 1890లో మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. వాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను 1924లో క్లార్క్ కనుగొన్నాడు. పంటి పైపొర ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయినా దాని మీద పి.హెచ్. సుమారు 5.5 కంటే దిగితే కరగనారంభిస్తుంది.

ఆ గుంట పంటి లోపలి గుజ్జును చేరినప్పుడే అసలు పోటు. నరాలు, రక్తనాళాలు గల ఆ గుజ్జు చుట్టూ గట్టి గోడలే. వాచడానికి చోటు లేక ఒత్తిడి పెరిగి, చివరకు గుజ్జు చచ్చిపోతుంది. నరం చచ్చింది గనుక పోటు ఆగుతుంది. సూక్ష్మజీవులు మాత్రం ఆగవు. వేరు కొస గుండా ఎముకలోకి దిగి చీము పట్టిస్తాయి.

మరి మందులో? లవంగంలోని యూజినాల్ గానీ, నొప్పి బిళ్ళ గానీ నొప్పినే అణుస్తాయి. యాంటీబయాటిక్ రక్తం ద్వారా చేరవలసిన మందు. చచ్చిన గుజ్జుకు రక్తమే అందదు. జ్వరం, వాపు వ్యాపిస్తుంటే డాక్టరు దానిని ఇవ్వవచ్చు గాని, మూలం పోవాలంటే వేరు లోపల శుభ్రం చేసి మూసే రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీసేయాలి. దవడ కింద వాపు, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే అది ప్రాణాపాయం. ఆ క్షణమే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

చీము తీయించుకుని, పన్ను పీకించుకుని మా నాన్న గట్టెక్కాడు.

మిత్రులారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలను ఒక్క మాట అడగండి: "ఏ పన్నయినా బాగా పోటుపెట్టి, దానంతటదే ఊరుకుందా?" అవునంటే, పొలం పని మర్నాటికి పెట్టి, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకుపోండి.